బ్యాక్టీరియా కణకవచం: మా ల్యాబు పిల్లలు తరచుగా అడిగే ప్రశ్నలు

హనుమకొండలో డిగ్రీ, డీఎంఎల్‌టీ (ల్యాబ్ టెక్నీషియన్ డిప్లొమా) పిల్లలకు మైక్రోబయాలజీ ప్రాక్టికల్స్ చెబుతుంటాను. పరకాల, ములుగు, జనగామ, హుజూరాబాద్ నుంచి పొద్దున్నే బస్సెక్కి వస్తారు. సగం మంది ఇంటర్ దాకా తెలుగు మీడియమే. ఈ పాఠం దగ్గరికి వచ్చేసరికి ఏటా అవే ప్రశ్నలు. కొన్ని క్లాసులో అడుగుతారు, ఎక్కువగా రాత్రి పదకొండింటికి వాట్సాప్‌లో అడుగుతారు. అన్నీ ఒకచోట రాసి పెడితే నాకు నిద్ర దక్కుతుంది, మీకు పరీక్ష టెన్షన్ తగ్గుతుంది.

కణకవచం అంటే శత్రువుల నుంచి కాపాడేదే కదా సార్?

పేరు తెచ్చిన తంటా ఇది. కవచం అనగానే కర్ణుడు గుర్తొస్తాడు. బయట బాణాలు, లోపల వీరుడు. కొన్ని పుస్తకాల్లో కణకుడ్యం అని ఉంటుంది, అప్పుడేమో ఇంటి గోడ గుర్తొస్తుంది. రెండూ దారి తప్పిస్తాయి. బ్యాక్టీరియాకి పెద్ద ముప్పు లోపలి నుంచే.

కణం లోపల ప్రోటీన్లు, లవణాలు, చక్కెరలు, అమైనో ఆమ్లాలు కిక్కిరిసి ఉంటాయి. బయట చాలాసార్లు పలుచని నీళ్లే. అందుకని ద్రవాభిసరణ వల్ల నీరు లోపలికి వస్తూనే ఉంటుంది, లోపల ఒత్తిడి పెరుగుతుంది. స్టెఫైలోకాకస్ అనే గుండ్రటి బ్యాక్టీరియా లాంటి కణంలో ఆ ఒత్తిడి సుమారు 20 అట్మాస్ఫియర్లు. కారు టైరులో మనం కొట్టించే గాలి రెండు, రెండున్నరకు మించదు.

సైకిల్ షాపులో పంక్చర్ వేసేటప్పుడు చూడండి. ట్యూబును టైరులోంచి తీసి గాలి కొడితే ఒకచోట పిచ్చిగా ఉబ్బుతుంది, ఇంకా కొడితే పగులుతుంది. అదే ట్యూబు టైరులో ఉంటే ఇద్దరు మనుషుల్ని, వెనక బియ్యం బస్తాని మోస్తుంది. ట్యూబు అంటే కణాన్ని చుట్టి ఉండే పలుచని పొర, ప్లాస్మా త్వచం. టైరు కణకవచం. ఈ పాఠంలో ఒక్క ముక్కే గుర్తుపెట్టుకునే ఓపిక ఉంటే ఈ టైరు ముక్క గుర్తుపెట్టుకోండి. పెన్సిలిన్, ఆవకాయ, గుడ్డు తెల్లసొన అన్నీ తిరిగి తిరిగి దీని దగ్గరికే వస్తాయి.

మరి కడ్డీలాగా, గుండ్రంగా ఉండే ఆకారం కూడా దానివల్లేనా?

అవును. మన పేగుల్లో ఉండే ఈ.కొలై అనే బ్యాక్టీరియా కణంలో మిగతాదంతా కరిగించి తీసేసినా, మిగిలిన ఖాళీ కణకవచం కడ్డీ ఆకారంలోనే ఉంటుంది. అదే కణకవచాన్ని తీసేసి, పగిలిపోకుండా చిక్కని చక్కెర నీళ్లలో ఉంచితే కడ్డీ కాస్తా గుండ్రటి బంతి అవుతుంది.

పెప్టిడోగ్లైకాన్ నిర్మాణం ఎంత చదివినా గుర్తుండట్లేదు. సులువుగా చెప్పండి.

పెప్టిడోగ్లైకాన్ అంటే ఈ కణకవచాన్ని నేసిన పదార్థం. వరంగల్ కొత్తవాడ వైపు వెళ్లి దర్రీలు నేసే మగ్గం దగ్గర పది నిమిషాలు నిలబడండి. మన ఇళ్లలో పెద్దవాళ్లు జంపఖానా అనేది వీటినే. 2018లో వరంగల్ దర్రీలకు భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది. అక్కడ మీకు కనిపించేవి రెండే: నిలువున బిగించిన పడుగు, అడ్డంగా పోయే పేక.

పెప్టిడోగ్లైకాన్‌లో పడుగు అంటే చక్కెర గొలుసులు. రెండే రెండు చక్కెరలు, ఒకదాని తర్వాత ఒకటి: ఎన్-అసిటైల్ గ్లూకోసమైన్, ఎన్-అసిటైల్ మ్యురామిక్ ఆమ్లం. క్లాసులో మనం నాగ్, నామ్ అంటాం. వీటిని కలిపేది బీటా 1,4 బంధం. ఇందులో నామ్ అనేది బ్యాక్టీరియా సొంత సొత్తు, మన ఒంట్లో తయారవదు.

పేక అంటే ఆ నామ్ నుంచి వేలాడే నాలుగు అమైనో ఆమ్లాల తోక. ఈ.కొలైలో వరుస ఇదీ: ఎల్-అలనిన్, డి-గ్లుటామిక్ ఆమ్లం, మీసో డైఅమైనోపిమెలిక్ ఆమ్లం, డి-అలనిన్. స్టెఫైలోకాకస్ ఆరియస్‌లో మూడో స్థానంలో ఎల్-లైసిన్ ఉంటుంది. ఒక గొలుసు తోకలోని నాలుగోది, పక్క గొలుసు తోకలోని మూడోదాన్ని పట్టుకుంటుంది. ఈ.కొలైలో నేరుగా పట్టుకుంటుంది. స్టెఫైలోకాకస్ ఆరియస్‌లో మధ్యలో ఐదు గ్లైసిన్ల చిన్న వంతెన ఉంటుంది.

దర్రీతో పోలిక ఒకచోట సరిపోదు. దర్రీలో పేకను పడుగు మధ్యలోకి దూర్చి దట్టిస్తారు, అంతే. ఇక్కడ పేక రసాయన బంధాలతో ముడిపడుతుంది. ఆ లెక్కన కణం చుట్టూ ఉన్న ఆ సంచి మొత్తం కలిపి ఒకే ఒక్క పెద్ద అణువు. మొదటిసారి చదివినప్పుడు నేను రెండుసార్లు వెనక్కి వెళ్లి చూసుకున్నాను, నిజంగా అదే రాశారా అని.

ఇంకో మాట, పెన్సిలిన్ దగ్గర పనికొస్తుంది. తయారయ్యేటప్పుడు ఆ తోకలో నాలుగు కాదు, ఐదు ఉంటాయి. చివర రెండూ డి-అలనిన్లే. ముడి పడేటప్పుడు చివరిది ఊడిపోతుంది.

ఈ 'డి' అమైనో ఆమ్లాలు ఎందుకు? ప్రోటీన్లలో 'ఎల్' ఉంటాయని కదా చదివాం?

ఎల్, డి అంటే ఎడమ చెప్పు, కుడి చెప్పు లాంటివి. ముక్కలన్నీ అవే, అద్దంలో ప్రతిబింబంలా తిరగబడి ఉంటాయి. ప్రోటీన్లను కోసే మామూలు ఎంజైములకు ఎల్ రకమే అలవాటు. డి రకం ఎదురైతే వాటి పళ్లు దిగవు. గోడకు అది లాభమే.

గ్రామ్ పాజిటివ్‌లో గ్రామ్ అంటే బరువా?

కాదు. మనిషి పేరు. హాన్స్ క్రిస్టియన్ గ్రామ్, డెన్మార్క్ డాక్టర్. 1884లో బెర్లిన్‌లో, న్యుమోనియాతో చనిపోయినవాళ్ల ఊపిరితిత్తుల కణజాలంలో బ్యాక్టీరియా విడిగా కనిపించాలని రంగులు వేస్తూ ఈ పద్ధతి పట్టుకున్నారు. కొన్నిటికి రంగు నిలిచింది, కొన్నిటికి పోయింది. నిలిచినవి గ్రామ్ పాజిటివ్, పోయినవి గ్రామ్ నెగటివ్. దాని వెనకున్నది గోడ తేడా అని అప్పటికి ఎవరికీ తెలియదు.

ఆ తేడా ఏంటో ఒక్కసారి అర్థమయ్యేలా చెప్పండి.

గ్రామ్ పాజిటివ్‌ది మందపాటి టైరు. పెప్టిడోగ్లైకాన్ పొర మీద పొరగా 20 నుంచి 80 నానోమీటర్ల మందం ఉంటుంది, కవచంలో 90 శాతం దాకా అదే. దాంట్లో టీకోయిక్ ఆమ్లాలు గుచ్చుకుని ఉంటాయి. ఇవి గ్లిసరాల్ లేదా రైబిటాల్, ఫాస్ఫేట్ కలిసిన గొలుసులు. ఫాస్ఫేట్ల వల్ల కణం పైభాగానికి రుణావేశం వస్తుంది. కొన్ని టీకోయిక్ ఆమ్లాలు కింద త్వచంలోని కొవ్వు దాకా దిగి పాతుకుంటాయి, వాటిని లైపోటీకోయిక్ ఆమ్లాలు అంటాం.

గ్రామ్ నెగటివ్‌కి ఖిలా వరంగల్ చూసొస్తే సగం పాఠం అయిపోతుంది. కాకతీయుల కోట ఒక గోడతో ఆగలేదు. బయట మట్టికోట, లోపల రాతికోట, నీళ్లు నిలిచే కందకాలు. గ్రామ్ నెగటివ్ కణానికీ బయట ఒక అదనపు వలయం ఉంటుంది, దాని పేరు బాహ్య త్వచం. లోపలి ప్లాస్మా త్వచానికీ దీనికీ మధ్య ఖాళీని పెరిప్లాజం అంటాం. ఆ పెరిప్లాజంలోనే పెప్టిడోగ్లైకాన్ పలుచగా ఉంటుంది. ఈ.కొలైలో అయితే చాలావరకు ఒక్క వరుసే. దాన్ని బయటి త్వచానికి కట్టి ఉంచే చిన్న ప్రోటీన్‌ని బ్రౌన్ లైపోప్రోటీన్ అంటారు. బాహ్య త్వచంలో దర్వాజాలు కూడా ఉన్నాయి. వాటి పేరు పోరిన్లు. ఈ.కొలై పోరిన్లలోంచి సుమారు 600 డాల్టన్ల (అణువుల బరువు కొలిచే ప్రమాణం) లోపు అణువులే పడతాయి.

బాహ్య త్వచం పైపొర మామూలు కొవ్వు కాదు, లైపోపాలీశాకరైడ్. లోపల లిపిడ్-ఏ, మధ్యలో కోర్ చక్కెరలు, బయటికి గడ్డిలా వేలాడే ఓ-యాంటిజెన్ చక్కెర గొలుసు. పక్కపక్క అణువుల్ని కాల్షియం, మెగ్నీషియం అయాన్లు కలిపి పట్టుకుంటాయి. ఈ కణాలు రక్తంలో పగిలినప్పుడు బయటపడే లిపిడ్-ఏ వల్లే చలి, జ్వరం, బీపీ పడిపోవడం. ఎండోటాక్సిన్ అనేది దీన్నే.

కోట పోలికను ఇంతకంటే లాగకండి. రాతికోట దృఢంగా ఉంటుంది, ఇక్కడ లోపలి వలయం పలుచని వల.

గ్రామ్ స్టెయిన్‌లో ఊదా, ఎరుపు ఎలా వస్తాయి? నాకు అన్నీ ఎర్రగానే వస్తున్నాయి!

స్మియర్ వేసి (అంటే నమూనాను స్లైడు మీద పలుచగా పూసి), గాలికి ఆరనిచ్చి, స్లైడును మంట మీదుగా రెండు మూడుసార్లు పోనిస్తాం. తర్వాత క్రిస్టల్ వయొలెట్ ఒక నిమిషం, కడిగి అయోడిన్ ఒక నిమిషం. అయోడిన్ వెళ్లి రంగుతో కలిసి పెద్ద ముద్దగా మారుతుంది. ఈ దశలో అన్ని కణాలూ ఊదాయే. అప్పుడు ఆల్కహాల్. ఇది మందపాటి పెప్టిడోగ్లైకాన్‌లోని నీటిని లాగేసి సందులు బిగిసేలా చేస్తుంది, రంగు ముద్ద లోపలే చిక్కుకుంటుంది. గ్రామ్ నెగటివ్‌లో అదే ఆల్కహాల్ బాహ్య త్వచంలోని కొవ్వును కరిగిస్తుంది. కింద ఉన్న పలుచని వల రంగును ఆపలేదు. రంగు పోయిన కణాలు చివర్లో వేసే సాఫ్రనిన్‌తో ఎర్రబడతాయి.

అన్నీ ఎర్రగా వస్తున్నాయంటే తొంభై పాళ్లు తప్పు ఆల్కహాల్ దగ్గరే. నేను ట్రైనింగ్‌లో ఉన్న రోజుల్లో ఒక ల్యాబులో చీము స్లైడు చూసి "గ్రామ్ నెగటివ్ కోకై" (గుండ్రటి బ్యాక్టీరియా) అని రాసిచ్చాను. మా సీనియర్ మేడం రిపోర్టు చూడకుండా నేరుగా నా చేతిలోని వాష్ బాటిల్ వైపు చూసి, "బాబూ, బట్టలు ఉతికినవా, స్లైడు కడిగినవా?" అన్నారు. మళ్లీ వేస్తే ద్రాక్షగుత్తుల్లా ఊదా రంగు స్టెఫైలోకాకస్! ఆ రోజు నుంచి ఒకటే లెక్క: స్లైడును వాల్చి పట్టుకుని ఆల్కహాల్ చుక్కలు చుక్కలుగా వదలాలి, కిందికి జారే చుక్కలో ఊదా కనిపించడం మానగానే నీళ్లు పోయాలి. గడియారం చూడకండి, చుక్కను చూడండి.

రెండో కారణం ముసలి కల్చర్, అంటే ప్లేటులో పెంచి చాలా రోజులైన బ్యాక్టీరియా. 18 నుంచి 24 గంటల కల్చరే వాడండి. వారం నుంచి ఫ్రిజ్‌లో ఉన్న ప్లేటులో గ్రామ్ పాజిటివ్ కణాల గోడలు చివికి, రంగును పట్టుకోలేక ఎర్రగా కనిపిస్తాయి.

ఇంట్లో దొరికేదానితో గ్రామ్ స్టెయిన్ ప్రాక్టీస్ చేయొచ్చా?

పెరుగు తెచ్చుకోండి. చిన్న చుక్కను నీళ్లలో బాగా పలుచన చేయాలి, లేకపోతే పాల ప్రోటీన్, కొవ్వు కలిసి స్లైడంతా మరకలే. మైక్రోస్కోపులో నూనె చుక్క వేసి చూసే ఆయిల్ ఇమ్మర్షన్ లెన్సు కింద ఊదా కడ్డీలు, గొలుసుల్లా గుండ్రటి కణాలు కనిపిస్తాయి. లాక్టోబాసిల్లస్, స్ట్రెప్టోకాకస్ జాతులు, అన్నీ గ్రామ్ పాజిటివే. పెరుగు ఎర్రగా వచ్చిందంటే మళ్లీ పైనున్న ఆల్కహాల్ పేరా చదవండి.

వైడాల్ రిపోర్టులో టీ-ఓ, టీ-హెచ్ అని ఉంటాయి. వాటికీ ఈ పాఠానికీ సంబంధం ఉందా?

బాగా ఉంది. వానాకాలంలో జ్వరం వస్తే మన వైపు ముందు రాసేది ఈ టెస్టే. టైఫాయిడ్ కలిగించే సాల్మొనెల్లా టైఫీ గ్రామ్ నెగటివ్. టీ-ఓ అంటే దాని లైపోపాలీశాకరైడ్ చివరన వేలాడే ఆ ఓ-యాంటిజెన్ చక్కెర గొలుసు మీద మన ఒంట్లో తయారైన యాంటీబాడీలు. టీ-హెచ్ అంటే కశాభం, అంటే అది ఈదడానికి వాడే కొరడా లాంటి పోగు, ప్రోటీన్ మీద తయారైనవి. ఫెర్నాండ్ వైడాల్ 1896లో తెచ్చిన పరీక్ష ఇది.

సాల్మొనెల్లా బంధువుల చక్కెర గొలుసులు ఒకదానికొకటి పోలి ఉంటాయి. పాత ఇన్ఫెక్షన్, పాత టీకా వల్ల కూడా రక్తంలో యాంటీబాడీలు ఉండొచ్చు. కాబట్టి ఒక్కసారి చేసిన వైడాల్‌ను పట్టుకుని టైఫాయిడ్ అని తేల్చేయడం నాకు నచ్చదు. మొదటి వారంలో, యాంటీబయాటిక్ మొదలుపెట్టకముందే బ్లడ్ కల్చర్ పంపితే దొరికేది సాక్షాత్తూ ఆ బ్యాక్టీరియానే.

పెన్సిలిన్ గోడను పగలగొడుతుందా?

పగలగొట్టదు. ముడి వేసే చేతిని పట్టేస్తుంది.

పైన చెప్పిన పేకలను ముడివేసే ఎంజైమును ట్రాన్స్‌పెప్టిడేజ్ అంటాం. అది వెతికేది ఆ తోక చివరి డి-అలనిన్, డి-అలనిన్ జంట కోసం. పెన్సిలిన్‌లోని బీటా-లాక్టమ్ వలయం చూడ్డానికి అచ్చం ఆ జంటలా ఉంటుంది. ఎంజైము మోసపోయి దాన్ని పట్టుకుంటుంది, ఇక వదలలేదు. ఈలోగా కణం పెరుగుతూనే ఉంటుంది. పెరగాలంటే పాత వలను అక్కడక్కడ కోసి కొత్త పోగులు చేర్చాలి. కోసే ఎంజైములు తమ పని తాము చేసుకుపోతాయి, ముడివేసేవి మాత్రం ఆగిపోయాయి. టైరు పలుచబడిన చోట త్వచం బయటికి ఉబ్బి, పగులుతుంది. పగలగొట్టిన ఆ ఒత్తిడి కణం సొంతదే.

నిద్రాణంగా, పెరగకుండా ఉన్న బ్యాక్టీరియాని పెన్సిలిన్ పెద్దగా ఏమీ చేయలేకపోవడానికి కారణం కూడా ఇదే. మన కణాలకు పెప్టిడోగ్లైకాన్ లేదు కనుక వాటి జోలికి రాదు. అలర్జీ వేరే సంగతి.

అలాంటప్పుడు ఆ మందు కొన్నిటి మీద ఎందుకు పని చేయదు?

కొన్ని బ్యాక్టీరియా బీటా-లాక్టమేజ్ అనే ఎంజైముతో ఆ వలయాన్నే విరిచేస్తాయి. గ్రామ్ నెగటివ్‌లు దాన్ని పెరిప్లాజంలో, అంటే కందకంలోనే కాపలా పెడతాయి. అమాక్సిసిలిన్‌తో పాటు క్లావులానిక్ ఆమ్లం కలిపి ఇచ్చేది ఆ కాపలావాణ్ణి ఆపడానికి. ఎమ్మార్‌ఎస్‌ఏ, అంటే మెథిసిలిన్‌కి లొంగని స్టెఫైలోకాకస్ ఆరియస్, ఇంకో దారి పట్టింది. మెక్-ఏ జన్యువు వల్ల పెన్సిలిన్‌కి సరిగా దొరకని కొత్త రకం ముడివేసే ఎంజైము తెచ్చుకుంది.

వాంకోమైసిన్ ఎంజైమును పట్టదు, ఆ డి-అలనిన్ జంటనే కప్పేస్తుంది. కానీ దాని బరువు దాదాపు 1450 డాల్టన్లు. 600 దగ్గర ఆగిపోయే పోరిన్ దర్వాజాలో పట్టదు, అందుకే గ్రామ్ నెగటివ్‌ల మీద పనికిరాదు. దీనికీ విరుగుడు కనిపెట్టిన ఎంటరోకాకస్ అనే పేగు బ్యాక్టీరియా ఉన్నాయి. జంటలో చివరి డి-అలనిన్‌ని తీసేసి డి-లాక్టేట్ పెట్టుకుంటాయి. ఒక్క ముక్క మార్పు, మందు పట్టు జారిపోతుంది.

జలుబుకి అమాక్సిసిలిన్ వేసుకుంటే?

జలుబు వైరస్ వల్ల వస్తుంది. వైరస్‌కి పెప్టిడోగ్లైకాన్ గోడే లేదు. మెడికల్ షాపులో అడిగి రెండు గోలీలు తెచ్చుకోవడం మానండి.

అసలు కణకవచం లేని బ్యాక్టీరియా ఉంటుందా?

ఉంది, మైకోప్లాస్మా. త్వచంలో స్టెరాల్స్ (కొలెస్ట్రాల్ లాంటి కొవ్వులు) కలుపుకుని కొంత గట్టిదనం తెచ్చుకుంటుంది, ఆతిథ్యం ఇచ్చిన కణాల లోపలి వాతావరణానికి దగ్గరగా ఉండేచోట బతుకుతుంది. పెన్సిలిన్‌కి అక్కడ పనే లేదు. అది కలిగించే న్యుమోనియాకి అజిత్రోమైసిన్, డాక్సీసైక్లిన్ లాంటివి ఇస్తారు, అవి గోడ జోలికి పోకుండా ప్రోటీన్ తయారీని ఆపుతాయి.

టీబీ బ్యాక్టీరియా గ్రామ్ పాజిటివా, నెగటివా?

ఈ ప్రశ్నకు వైవాలో చాలామంది తడబడతారు. పెప్టిడోగ్లైకాన్ ఉంది, దాని మీద అరబినోగలాక్టాన్ అనే చక్కెరల పొర, దాని మీద మైకోలిక్ ఆమ్లాల మైనపు పొర. ఆ మైనం వల్ల గ్రామ్ రంగులు సరిగా ఎక్కవు. అందుకే తెమడ పరీక్షలో జీల్-నీల్సన్ పద్ధతి: కార్బాల్ ఫుక్సిన్ పోసి ఆవిరి వచ్చేదాకా కింద వేడి చేస్తాం, తర్వాత 20 నుంచి 25 శాతం సల్ఫ్యూరిక్ ఆమ్లంతో కడిగినా ఎరుపు పోదు. పక్కనున్నవన్నీ మిథిలీన్ బ్లూతో నీలంగా మారితే, వాటి మధ్య సన్నటి ఎర్ర కడ్డీలు కనిపిస్తాయి. ఆమ్లాన్ని తట్టుకుంది కాబట్టి యాసిడ్ ఫాస్ట్.

టీబీ మందుల్లో రెండు నేరుగా ఈ కవచాన్నే కొడతాయి. ఐసోనియాజిడ్ మైకోలిక్ ఆమ్లం తయారీని, ఇథాంబ్యూటాల్ అరబినోగలాక్టాన్ తయారీని ఆపుతాయి. అనుకూలమైన చోట ఈ.కొలై 20 నిమిషాలకోసారి రెండింతలైతే, టీబీ క్రిమికి 15 నుంచి 20 గంటలు పడుతుంది. కొన్ని అసలు పెరగకుండా నక్కి ఉంటాయి. మామూలు టీబీకి కూడా కోర్సు ఆరు నెలలు సాగడానికి ఇదొక ముఖ్య కారణం. దగ్గు తగ్గిందని రెండో నెలలో ఆపేసేవాళ్లకు మీరు రేపు ల్యాబు కౌంటర్లో కూర్చుని చెప్పాల్సింది ఇదే.

కన్నీళ్లు బ్యాక్టీరియాని చంపుతాయా? నిజమేనా?

నిజమే. కన్నీళ్లలో, చొంగలో, తల్లిపాలలో, గుడ్డు తెల్లసొనలో లైసోజైమ్ అనే ఎంజైము ఉంటుంది. 1922లో దీన్ని ప్రకటించింది అలెగ్జాండర్ ఫ్లెమింగ్, పెన్సిలిన్‌కి ఆరేళ్ల ముందు. ఇది పేక జోలికి పోదు, పడుగునే కోస్తుంది. నామ్ తర్వాత నాగ్ వచ్చేచోట ఉన్న బీటా 1,4 బంధాన్ని తెంచుతుంది.

మా ల్యాబులో దీన్ని చూపిస్తాం. మైక్రోకాకస్ లూటియస్ అనే బ్యాక్టీరియా కలిపిన, మజ్జిగలా మసకగా ఉన్న ద్రవాన్ని రెండు ట్యూబుల్లో పోసి, ఒకదాంట్లో పలుచన చేసిన తెల్లసొన వేస్తాం. వెనక న్యూస్‌పేపర్ పెట్టి చూస్తే మొదట అక్షరాలు కనబడవు. కొన్ని నిమిషాల తర్వాత ఒక ట్యూబులోంచి హెడ్డింగు చదవొచ్చు. ఎన్నిసార్లు చేసినా ఆ క్షణంలో పిల్లలు ఫోన్లు పక్కన పెట్టి ముందుకు వంగుతారు. ఈ.కొలైతో చేస్తే మాత్రం తేలిపోతారు, బాహ్య త్వచం అడ్డుపడి లైసోజైమ్‌ని పడుగు దాకా రానివ్వదు.

ఆవకాయ పాడవదు కదా, ఉప్పు గోడను పాడు చేస్తుందా?

లేదు. ఇక్కడ టైరు కథ తిరగబడుతుంది. బయట ఉప్పు ఎక్కువైతే నీరు కణంలోంచి బయటికి పోతుంది. ట్యూబులో గాలి పోయినట్టు త్వచం ముడుచుకుని గోడ నుంచి ఊడివస్తుంది. గోడ అలాగే ఉంటుంది, కణం పెరగదు. ఉబ్బే ట్యూబును టైరు ఆపగలదు గానీ, గాలి పోయే ట్యూబును ఏం చేయగలదు? జాడీలో పైన నూనె తేలాలని మీ అమ్మమ్మ ఎందుకంటుందంటే, అది గాలి తగలకుండా, బూజు పట్టకుండా.

పరీక్షలో బొమ్మకు మార్కులు ఎక్కడ పోతాయి?

మూడుచోట్ల. గ్రామ్ నెగటివ్‌లో పెప్టిడోగ్లైకాన్‌ని బాహ్య త్వచానికి బయట గీస్తారు, అది పెరిప్లాజంలో ఉండాలి. లైపోపాలీశాకరైడ్‌ని లోపలి త్వచం మీద పెడతారు. టీకోయిక్ ఆమ్లాలను గ్రామ్ నెగటివ్‌లో గీస్తారు, అక్కడ అవి ఉండవు. రంగు పెన్సిళ్లు వాడకపోయినా పర్లేదు, పేర్ల గీతలు ఒకదాన్నొకటి దాటకుండా చూసుకోండి.

వేళ్లకు క్రిస్టల్ వయొలెట్ అంటుకుంది, ఎలా పోతుంది?

చర్మం మీదది స్పిరిట్ దూదితో కొంత పోతుంది. గోళ్ల పక్కన దిగినది రెండు మూడు రోజులుంటుంది. ఒకప్పుడు పిల్లల నోటిపూతకు పూసిన జీవీ పెయింట్‌లో ఉన్నది కూడా ఇదే రంగు. తెల్ల యాప్రాన్ మీద పడితే మాత్రం ఆశ వదులుకోండి, నాది పదేళ్ల నుంచి అలాగే ఉంది.